ఏకద్వారపురి వైభవం

గత వారం మా ఎస్టేట్‌లోని, అంటే మేముండే కొత్త ఇళ్ల కాలనీలోని, ప్రతి పోస్టుడబ్బాలోనూ నున్నని దళసరి కాగితం మీద అచ్చువేసిన ఒక శుభవార్త వచ్చి పడింది. ఎస్టేట్‌లో మరో దశ అమ్మకానికి సిద్ధమైందనీ, కొన్ని వందల కొత్త కుటుంబాలు త్వరలో మన మధ్యకు రాబోతున్నాయనీ, ఈ ఆనందంలో పాత నివాసులమైన మేము కూడా పాలుపంచుకోవాలనీ డెవలపర్‌గారు అందులో ఆకాంక్షించారు. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, అందునా టార్నీట్ దాటిన తరువాత, నాలుగైదేళ్లు కాపురముంటే పాతకాపులుగానే లెక్క కాబట్టి ఆ మాటకు నాకు అభ్యంతరం లేదు. కాగితం వెనుక ముద్రించిన పటాన్ని మాత్రం శ్రద్ధగా పరిశీలించాను. అందులో చెరువు ఉంది, చెరువులో బాతులు ఉన్నాయి, గట్టు మీద గాలిపటం ఎగరేస్తున్న పిల్లవాడు ఉన్నాడు, ఎప్పటినుంచో త్వరలో రాబోతున్న టౌన్ సెంటర్ కూడా నీలిరంగు చతురస్రంగా కొలువుదీరి ఉంది. ఎస్టేట్ నుంచి బయటికి పోయే రెండో దారి మాత్రం ఎంత వెతికినా కనిపించలేదు. ఉన్నది ఒక్కటే దారి. దాని చివర ఒక్కటే రౌండబౌట్, అంటే కార్లు గుండ్రంగా చుట్టి పోయే కూడలి.

దీన్ని లోపంగా భావించేవారు చరిత్ర చదవనివారు. కుతుబ్‌షాహీలు గోల్కొండ కోటకు ఎనిమిది దర్వాజాలు పెట్టి ఏం బావుకున్నారు? నెలల తరబడి ముట్టడించినా లొంగని కోట 1687లో లోపలివాడొకడు రాత్రివేళ ఒక దర్వాజా తెరవడంతో ఔరంగజేబు పాలైంది. మా ఎస్టేట్‌కు అలాంటి ప్రమాదం లేదు. ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు మా ద్వారం బార్లా తెరిచే ఉంటుంది; అయినా లోపలి సైన్యం బయటికి పోలేదు, బయటి సైన్యం లోపలికి రాలేదు.

ప్రభుత్వ విధానాలతో పోల్చి చూసినా మేము వెనుకబడి లేము. 2017లో మా విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన ప్లాన్ మెల్‌బోర్న్ అనే మహాప్రణాళికలో ‘20 నిమిషాల నైబర్‌హుడ్’ అనే ఉదాత్తమైన ఆశయం ఉండేది. నిత్యజీవితానికి కావలసిన దుకాణం, బడి, పార్కు, బస్సు మొదలైనవన్నీ 20 నిమిషాల నడకలో, అంటే వెళ్లిరావడానికి వీలుగా ఇంటి నుంచి సుమారు 800 మీటర్ల లోపల, అందుబాటులో ఉండాలన్నది దాని సారాంశం. మా ఇంటి నుంచి రౌండబౌట్ కూడా ఇంచుమించు అంతే దూరం. ఉదయం వేళ అక్కడికి చేరడానికి 20 నిమిషాలు పడుతుంది. నడిచి కాదు, కారులో. మిగతా నగరం కాళ్లతో సాధించలేకపోయిన లక్ష్యాన్ని మేము ఇంజన్‌తో సాధించినందుకు ప్రణాళికా శాఖవారు మాకొక జ్ఞాపిక ఇవ్వవలసి ఉంది.

ఆ రౌండబౌట్ పనితీరును తెలియనివారికి వివరించడం నా విధి. అది ఒకప్పుడు గొర్రెల కోసం, గడ్డి మోపుల కోసం వేసిన రెండు వరుసల పల్లెదారి మీద ఉంది. రెండు పక్కలా ఫుట్‌పాత్ లేదు, కంకర అంచు, ఆపైన కాలువ. మేము ఉత్తరం నుంచి వచ్చి ఎడమకు తిరిగితే నగరం వైపు వెళతాము. కుడి నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలన్నది చట్టం. మాకు కుడివైపున, అంటే మాకంటే పడమట, మాకంటే తరువాత పుట్టిన ఎస్టేట్లు మూడున్నాయి. వాటిలోని కార్లన్నీ ఒకదాని తోకను ఇంకొకటి పట్టుకుని, మధ్యలో వేలు దూరే సందు కూడా లేకుండా, మా ముందునుంచే సాగిపోతుంటాయి. మేము చట్టాన్ని గౌరవిస్తూ నిలబడి ఉంటాము.

మరి మేము బయటపడేదెలా అని మీరు అడగవచ్చు. నగరం వైపు నుంచి మా ఎస్టేట్‌లోకి రావలసిన వాహనం రౌండబౌట్‌ను మూడొంతులు చుట్టి రావాలి. అది చుట్టేటప్పుడు పడమటి కార్లు దానికి దారి ఇచ్చి ఆగాలి. ఆ ఆగిన లిప్తపాటులో మా వరుసలోంచి రెండు మూడు కార్లు జారుకుంటాయి. ఉదయం ఏడింటికి నగరం నుంచి మా ఎస్టేట్‌లోకి వచ్చేదెవరు? కొత్త ఇళ్లు కట్టే మేస్త్రీలు, ఇటుకల ట్రక్కులు, గిరగిర తిరిగే కాంక్రీటు లారీలు. కాంక్రీటు లారీ బరువైనది, నెమ్మదైనది. దాని పుణ్యాన ఒకోసారి నాలుగు కార్లు కూడా గట్టెక్కుతాయి. అంటే, కొత్త ఇళ్లు కట్టినంత కాలమే మాకు విముక్తి. కట్టడం ఆపితే బందీలమవుతాము. కడుతూ పోతే మాతోపాటు నిలబడే బందీలు పెరుగుతారు. వేదాంతులు సంసారం గురించి చెప్పినదంతా ఈ కూడలిలో ప్రత్యక్షంగా చూడవచ్చు.

ఇక ఆ వరుసలోని సామాజిక జీవితం గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. మా ఇళ్ల మధ్య కంచెలు మనిషెత్తున ఉంటాయి. సాయంత్రానికి గ్యారేజీ తలుపు దానంతటదే మూసుకుంటుంది. పొరుగువారి ముఖాలు మేము చూసుకునేది ఈ వరుసలోనే. ఇంటి అప్పు వడ్డీ ఫిక్స్ చేయించాలా, వేరియబుల్‌లోనే ఉంచాలా అన్న చర్చ కారు అద్దాలు దించుకుని ఇక్కడే జరుగుతుంది. సత్యనారాయణ వ్రతం పిలుపులు ఇక్కడే అందుతాయి. ఒక ఇల్లాలు ఊరినుంచి వచ్చిన సాంబారు పొడి పొట్లాన్ని వెనుక కారు ఆవిడకు ఇస్తే, అది చేతులు మారి మూడో కారుకు చేరి, సగమై తిరిగి వచ్చింది. ఈలోగా బండ్లు ఒక్క అడుగు ముందుకు కదలలేదు. ఒకాయన గడ్డం గీసుకుంటాడు. ఒక పిల్లవాడు వెనుక సీట్లో స్టీలు డబ్బా విప్పి ఇడ్లీలు తిని, చేతులు తుడుచుకుని, లెక్కల హోమ్‌వర్క్ ముగించి, నిద్రపోతాడు. పిల్లల బడి ఇంకా పోర్టబుల్ క్లాస్‌రూములలోనే నడుస్తోంది కాబట్టి స్థిరమైన చదువు వాడికి దొరికేది ఆ సీటులోనే.

విజయవాడ నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన మా అత్తగారిని ఒకనాడు ఉదయాన్నే గుడికి తీసుకెళ్లవలసి వచ్చింది. ఆవిడ గ్యారేజీలో విష్ణుసహస్రనామం మొదలుపెట్టి, ఫలశ్రుతితో సహా ముగించి, కళ్లు తెరిచి చూస్తే ఎదురుగా రౌండబౌట్ కాస్త దూరాన కనిపించింది.

“ముందేదైనా యాక్సిడెంట్ అయిందా బాబూ?” అన్నారు.

“లేదండీ అత్తయ్యగారూ, సోమవారం అయింది.”

ఆవిడ కొంతసేపు ఆలోచించి, “మా బెంజి సర్కిలే నయం, ఫ్లైఓవరన్నా వేశారు,” అని మళ్లీ మొదటి నామం అందుకున్నారు.

బయటపడినవారు టార్నీట్ స్టేషన్‌కు వెళతారు. 2015 జూన్‌లో తెరిచిన ఈ స్టేషన్‌కు వచ్చేది నగర శివార్లలో తిరిగే మెట్రో రైలు కాదు. జీలాంగ్ వైపునుంచి వచ్చే వీలైన్ వారి డీజిల్ రైలు. దూరప్రాంతాల ప్రయాణికుల కోసం ఏర్పడిన ఆ వీలైన్ వ్యవస్థలో, నగరం నడిమధ్యనున్న సదరన్ క్రాస్ తరువాత అత్యంత రద్దీ స్టేషన్ మాదే. కార్ పార్క్ తెల్లవారకముందే నిండుతుంది. రైలు మా దగ్గరికి వచ్చేసరికే నిండి ఉంటుంది. మేము తలుపు దగ్గర ఒంటికాలి మీద నిలబడి పట్టణం చేరుకుంటాము. 2018 ఎన్నికల ముందు, ఈ దారిని విండమ్ వేల్ వరకు, పక్కనున్న మెల్టన్ దారితో పాటు, విద్యుదీకరిస్తామని లేబర్ ప్రభుత్వం వాగ్దానం చేసింది. అదే ఏడాది నగరానికి తూర్పున కూడా ఒక భూగర్భ రైలును వాగ్దానం చేసింది. చెల్టెన్‌హామ్ నుంచి బాక్స్‌హిల్ వరకు, దాదాపు 3,450 కోట్ల డాలర్ల అంచనాతో, ఆ తూర్పు రైలు పనులు సాగుతున్నాయి. మా తీగలు మాత్రం ఇంకా స్తంభాలనెక్కలేదు. నిజానికి స్తంభాలే లేవు.

మా ప్రాంతానికి పలుకుబడి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2014 డిసెంబరు నుంచి 2024 డిసెంబరు వరకు, పదేళ్లపాటు, రాష్ట్ర ఖజానా తాళాలు టిమ్ పల్లాస్‌గారి చేతిలో ఉన్నాయి. ఆయన అప్పుడు మా పక్కనున్న వెర్రిబీ శాసనసభ్యులు. అంతకుముందు 2006 నుంచి టార్నీట్ శాసనసభ్యులు. అంటే ఇంటి పెద్దే కోశాధికారి. అయినా ఇంటి ముందు రోడ్డు ఇలా ఉందంటే అది నిష్పాక్షికతకు పరాకాష్ఠ. ఆయన రాజీనామా చేశాక 2025 ఫిబ్రవరిలో జరిగిన ఉపఎన్నికలో, ఎప్పుడూ కళ్లు మూసుకుని గెలిచే లేబర్ పార్టీ కొన్ని వందల ఓట్ల తేడాతో ఊపిరి పీల్చుకుంది. ఆ ప్రచారం జరిగిన కొద్దివారాలూ మా గుంతలను పూడ్చినంత శ్రద్ధగా ఎవరూ ఎన్నడూ పూడ్చలేదు.

డబ్బు లేదా అంటే, ఉంది. మేమే ఇచ్చాము. కొత్త శివార్లలో ప్రతి హెక్టారు భూమి మీద రాష్ట్ర సదుపాయాల కోసమంటూ ఒక ప్రత్యేక రుసుము వసూలు చేసే చట్టం 2010 నుంచి అమలులో ఉంది. డెవలపర్ కట్టినట్టు కనిపించినా ఆ సొమ్ము చివరికి స్థలం ధరలో కలిసి మా హోమ్ లోన్‌లోకే వస్తుంది. ఆ నిధిలో కోట్ల డాలర్లు ఏళ్ల తరబడి ఖర్చుకాకుండా పడి ఉన్నాయి. దానిమీద స్టాంప్ డ్యూటీ, ఆపైన కౌన్సిల్ రేట్లు. 2011లో సుమారు 1.6 లక్షలున్న మా కౌన్సిల్ ప్రాంతం విండమ్ జనాభా 2021 జనగణనకు 2.9 లక్షలైంది, టార్నీట్ ఒక్కటే 56 వేలు దాటింది. ఇది ఆకాశం నుంచి ఊడిపడిన జనం కాదు. నగరం హద్దు ఎంతవరకు జరపాలో గీత గీసింది ప్రభుత్వం. ఏ వీధిలో ఎన్ని ఇళ్లో, ఏ ఇంట్లో ఎన్ని గదులో ముందే తెలుసు. మా పోస్టుడబ్బా ఏ రంగులో ఉండాలో కూడా నియమావళిలో రాసి సంతకం పెట్టించుకున్నారు. రెండో దారి ఎప్పుడు వేయాలో మాత్రం ఏ కాగితంలోనూ తేదీ లేదు.

ఇక్కడ నా హాస్యం ఆగిపోతుంది. మా వీధి చివరింటి పెద్దాయనకు ఒక సాయంత్రం గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్స్ సైరన్ మాకు వినిపించింది, వినిపిస్తూనే ఉంది, దగ్గరికి రాలేదు. రౌండబౌట్ అవతల, ఇళ్లకు తిరిగి వస్తున్న మా కార్ల వెనుకే అది నిలిచిపోయింది. తప్పుకుందామంటే పక్కన కాలువ. కార్లు ఒక్కొక్కటిగా కంకర అంచు మీదికి ఒరిగి, ఒకటి కాలువలోకి జారి, అప్పుడు దారి వచ్చింది. ఆయన కోడలు వాకిట్లో నిలబడి ఆ సైరన్ వింటూ, ఫోనులో చెప్పినట్టు ఆయన ఛాతీ నొక్కుతున్న భర్తకు “వస్తున్నారు, వస్తున్నారు” అని అరుస్తూనే ఉంది. ఆయన బతికారు. దానికి కారణం ప్రణాళిక కాదు, అదృష్టం. ఒక దారి వేయకుండా వందల ఇళ్లకు అనుమతి ఇచ్చిన చేతులు, ఆ సాయంత్రం ఏ భోజనాల బల్ల దగ్గర ఉన్నాయో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఈ మాట ఎక్కడ ఎత్తినా వచ్చే జవాబు ఒక్కటే: “మీరే కదా అక్కడ కొనుక్కున్నది.” అవును, కొనుక్కున్నాము, ఎందుకంటే అమ్మింది అక్కడే. రాత్రి డ్యూటీలు చేసే నర్సులకు, గిడ్డంగుల్లో పెట్టెలు మోసేవారికి, పిల్లలను చైల్డ్‌కేర్‌లో దింపి ఆలస్యమైన ప్రతిసారీ అదనపు రుసుము కట్టేవారికి, మీ ఇంటి ముందు ట్రామ్ ఆగే వీధిలో ఇల్లు దొరకదు. ఆ వీధుల్లో, స్టేషన్ల దగ్గర, మరిన్ని అంతస్తులు కట్టనిస్తామని ప్రీమియర్, అంటే రాష్ట్ర ముఖ్యమంత్రి, జసింటా అలన్ 2024 అక్టోబరులో సముద్రతీరపు సంపన్న శివారు బ్రైటన్ వెళ్లి ప్రకటిస్తే, సముద్రపు గాలి పీల్చే పెద్దలు వీధిలోకి వచ్చి సిగ్గు సిగ్గు అని నినాదాలు చేశారు. వారి పరిసరాల సౌందర్యం దెబ్బతింటుందట. మీ వీధిలో మమ్మల్ని ఉండనివ్వరు, మైదానంలోకి నెడతారు, నెట్టిన తరువాత నగరం ఇలా విచ్చలవిడిగా విస్తరించడమేమిటని మాకే పర్యావరణ పాఠాలు చెబుతారు, ఫ్రీవే మీద మా కార్లు చూసి వలసలు ఎక్కువయ్యాయని రేడియోకు ఫోన్లు చేస్తారు. ఆ ఫ్రీవే మీద నిలబడి ఉన్నవాళ్లలో రేపు మీ తల్లికి సెలైన్ ఎక్కించే నర్సు కూడా ఉంది. ఆవిడ ఆలస్యంగా వస్తే కారణం అడగకండి.

2026 నవంబరులో రాష్ట్ర ఎన్నికలున్నాయి. అభ్యర్థులు మా ఎస్టేట్‌కు తప్పక వస్తారు. సాధారణంగా శనివారం పదకొండు గంటలకు, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, పార్కులో సాసేజ్‌లు కాల్చే సమయానికి వచ్చి, ఎంత ప్రశాంతమైన ప్రదేశమో అని మెచ్చుకుని వెళతారు. ఈసారి అన్ని పార్టీలవారికీ నాదొక విన్నపం. మంగళవారం రాత్రికే వచ్చి మా ఇంట్లో పడుకోండి. ముందుగది ఖాళీగానే ఉంది. బుధవారం ఉదయం ఎనిమిదిన్నరకు స్ప్రింగ్ స్ట్రీట్‌లోని పార్లమెంటు భవనంలో మీకు వాయిదా వేయడానికి వీల్లేని సమావేశం ఒకటి పెట్టుకోండి. ఇడ్లీలు డబ్బాలో సర్ది ఇస్తాము. తినడానికి తీరిక దారిలో దొరుకుతుంది.