నార్మల్ రిపోర్టు తీర్చలేని భయం

విజయవాడ సూర్యారావుపేటలో ఉదయం ఆరున్నరకే ల్యాబుల షట్టర్లు లేస్తాయి. పరగడుపున వచ్చినవారు మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని బెంచీల మీద వరుసగా కూర్చుని ఉంటారు. ఆ వరుసలో మా బంధువొకాయన తరచూ కనిపిస్తారు. వయసు నలభై రెండు, సిగరెట్టు అలవాటు లేదు, బీపీ, షుగరు లేవు. గుండె జబ్బేమోనన్న భయంతో ఏడాదిన్నరలో ఐదు ఈసీజీలు, రెండు టూడీ ఎకోలు (గుండె స్కానింగు), ఒక టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) చేయించుకున్నారు; అన్నీ నార్మలే. మొదటి ఈసీజీ చూసుకున్నాక నెల రోజులు కంటినిండా నిద్రపోయిన మనిషికి, ఐదోది చూసుకున్నాక ఆ నిద్ర ఒక్క రాత్రితో సరిపోయింది.

కరోనా రెండో వేవ్‌లో కొన్న ఆక్సీమీటరు ఇంకా తలగడ కిందే ఉన్న ఇళ్లు మన ఊళ్లో ఎన్నో ఉన్నాయి కనుక ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందో విడమరచి చెప్పనక్కరలేదు. లేని జబ్బు ఉందనుకునే ఈ భయానికి ఉన్న 'హైపోకాండ్రియాసిస్' అనే పాత పేరును అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో పక్కనపెట్టింది. పేరేదైనా, ఆరు నెలలకు పైగా ఏదో పెద్ద జబ్బు ఉందన్న చింతతోనే రోజు గడుస్తుంటే అది కూడా చికిత్స అవసరమైన జబ్బే. దానికి మనం ఇస్తున్న మందు మరో పరీక్ష. నా దృష్టిలో అది మందు కాదు, మేత.

పరీక్షల్లో 'నార్మల్' అనే హద్దును ఎలా గీస్తారో తెలిస్తే ఈ మాట అతిశయోక్తి అనిపించదు. చాలా రక్తపరీక్షలకు ఆరోగ్యవంతులలో 95 శాతం మంది ఫలితాలు ఎక్కడినుంచి ఎక్కడిదాకా వస్తాయో చూసి ఆ పరిధినే నార్మల్ అంటారు; అంటే ఏ జబ్బూ లేని మిగిలిన 5 శాతం మంది కూడా ఆ గీతకు అవతలే పడతారు. ఒకదానితో ఒకటి సంబంధంలేని ఇరవై పరీక్షలు చేయించుకుంటే, నిక్షేపంలాంటి మనిషికైనా కనీసం ఒక అంకె గీత దాటే అవకాశం 64 శాతం. ఇక ప్యాకేజీల్లో డెబ్బై, ఎనభై పరీక్షలంటారు (రక్తకణాల లెక్క ఒక్కదాన్నే ఇరవై పైచిలుకుగా చూపించే గడుసుతనం వేరే సంగతి). అందులో బోల్డ్ అక్షరాల్లో పడే ఒక్క అంకె మామూలు మనిషికి కంటికైనా ఆనదు. భయస్తుడికి మాత్రం మిగిలిన రిపోర్టంతా మాయమై అదొక్కటే మిగులుతుంది. వాట్సాప్‌లో పీడీఎఫ్ రాత్రి తొమ్మిదింటికి వస్తుంది, డాక్టరు దొరికేది మర్నాడు పదకొండింటికి. ఆ పద్నాలుగు గంటలూ ఆయనకు తోడు గూగులే.

ముందే పట్టుకుంటే ప్రాణం నిలుస్తుంది కదా అని వైద్యులు అడుగుతారు. గ్యాస్ అనుకుని ఇంట్లోనే ఉండిపోయి గుండెపోటుతో పోయినవారు లేకపోలేదు. కొత్తగా వచ్చిన నొప్పిని, వయసును బట్టి చూడవలసిన బీపీ, షుగరును వదిలేయమని ఎవరూ అనరు. నా అభ్యంతరం ఆరోసారి తీసే ఈసీజీ మీద.

అనుమానానికి మందు లేదనే మాట నిజం కాదు. ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే మాటల చికిత్స, అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఈ భయం మీద బాగా పనిచేస్తుందని అధ్యయనాలు నిరూపించాయి, అవసరమైతే మందులూ ఉన్నాయి, 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. మా బంధువు చివరికి మానసిక వైద్యురాలి దగ్గరకు వెళితే ఆవిడ పరీక్షలేవీ రాయలేదు. ఛాతీ పట్టేసినట్టు అనిపించినప్పుడు నాడి పట్టుకోకుండా, ఇంట్లో ఎవరినీ అడగకుండా, భయం మొదలైన వేళ, తగ్గిన వేళ మాత్రం పుస్తకంలో రాసుకోమన్నారు. ఒక పేజీలో ఆయన చేతిరాతలో ఇలా ఉంది: "11:20 మొదలు. 11:50 తగ్గింది. ఏమీ చేయలేదు."

ఈ అరగంట ఓర్పును నేర్పవలసింది నిజానికి కుటుంబ వైద్యుడు. గుంటూరులో వైద్య కళాశాల 1946 నుంచీ ఉంది, విజయవాడకు ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లోనే వచ్చింది. ఈ రెండు ఊళ్లలో డాక్టర్లకు కరువు లేదు, ఇంటిల్లిపాదినీ ఎరిగిన డాక్టరుకే కరువు. 2023లో ప్రభుత్వం ఫ్యామిలీ డాక్టరు పథకం పెట్టింది గానీ అది పల్లెలకు. పట్నవాసికి దక్కింది ప్యాకేజీ. పాత పన్ను విధానంలో ముందస్తు ఆరోగ్య పరీక్షలకు 5,000 రూపాయల దాకా మినహాయింపు ఉంది. నలభై ఏళ్ల మనిషి మానసిక వైద్యుడికి కట్టే ఫీజుకు అలాంటి వెసులుబాటు లేదు. మాటకు విలువ కట్టని చోట డాక్టరు మాత్రం ఎంతసేపని మాట్లాడతాడు?

మా చిన్నతనంలో గుంటూరు కొత్తపేటలో ఒక డాక్టరుగారు ఉండేవారు. మా అమ్మ గుండె దడ అని వెళితే స్టెతస్కోపు పెట్టిచూసి, "మీ అత్తగారు ఊరినుంచి ఎప్పుడొచ్చారమ్మా?" అని అడిగేవారు. ఇప్పుడు ఓపీ చీటీ వారం రోజులు చెల్లుతుంది, ఆ వారంలో రిపోర్టు పట్టుకుని మళ్లీ వెళితే డాక్టరు కాగితం చూసి "అంతా బాగుంది" అని గంట నొక్కుతారు, అడగాలని రాసి పెట్టుకున్న నాలుగు ప్రశ్నల చీటీ మాత్రం చొక్కా జేబులోనే ఉండిపోతుంది.