18 పెగ్గుల కట్టుకథ

వేల్స్ దేశపు కవి డిలన్ థామస్ గురించి వాట్సాప్‌లో తిరుగుతున్న ఆ సందేశాన్ని దయచేసి ఇక నాకు పంపకండి. సాహిత్య బృందాలన్నింటిలోనూ అదే. చివర చేతులు జోడించిన బొమ్మలు, వాటికి ముందు "నిజమైన కవి ఇలా బతికి ఇలాగే పోతాడు" అనే వాక్యం. ఆ వాక్యాన్ని భరించలేకే ఇది రాస్తున్నాను.

ముందు చిల్లర తప్పులు. ఆయన "వెల్ష్ భాషా మహాకవి" కాదు. తల్లిదండ్రులకు వెల్ష్ వచ్చు, పిల్లలకు నేర్పలేదు. ఆయన రాసింది ఇంగ్లీషులో. "ఒక్కరోజు కూడా ఉద్యోగం చేయలేదు" అన్నదీ అబద్ధమే. కుర్రతనంలో స్వాన్సీలో పత్రికా విలేకరి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో డాక్యుమెంటరీలకు స్క్రిప్టు రచయిత, ఆ తర్వాత బీబీసీ రేడియోలో వందకు పైగా ప్రసారాలు. దీనికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

"తండ్రి శవం పక్కన కూర్చుని ఒక్క రాత్రిలో 'డు నాట్ గో జెంటిల్' రాశాడు" అట. కవిత అచ్చయింది 1951లో. తండ్రి పోయింది 1952 డిసెంబరులో. అయినా తేదీలు చూడనక్కర్లేదు, కవిత చదివితే చాలు. చావుకు తలొగ్గకు, పోరాడు అని కొడుకు తండ్రిని బతిమాలుతున్నాడు. పోయిన మనిషితో ఎవరైనా ఆ మాట అంటారా? ఫార్వర్డ్ చేసిన వాళ్లలో ఎంతమంది ఆ 19 పాదాలూ చదివారు?

ఇక అసలు విషయం. "ఒకే రాత్రి 18 విస్కీలు తాగి, రికార్డు సృష్టించి, నవ్వుతూ కన్నుమూశాడు." ఆ 18 అనే అంకె ఆయన నోటి నుంచే వచ్చింది, ఒప్పుకుంటాను. 1953 నవంబరు 4 తెల్లవారుజామున న్యూయార్క్‌లోని చెల్సీ హోటల్‌కు తిరిగివచ్చి, రికార్డు కొట్టానన్నట్టు చెప్పుకున్నాడు. ఆయనకు మద్యం పోసిన వైట్ హార్స్ బారు వాళ్లు మాత్రం, అందులో సగానికి మించి తాగి ఉండడని తర్వాత చెప్పారు. పైగా ఆ పొద్దున ఆయన లేచి మళ్లీ బయటికి వెళ్లాడు. ఒంట్లో బాగాలేక హోటల్‌కు తిరిగి వచ్చాడు. డాక్టరు ఆ రోజు మూడుసార్లు వచ్చాడు. చివరిసారి అరగ్రెయిన్ మార్ఫిన్, అంటే దాదాపు 30 మిల్లీగ్రాములు, ఇంజెక్షన్ చేశాడు. మార్ఫిన్ శ్వాసను అణచివేస్తుంది. ఈ మనిషికి అప్పటికే ఊపిరితిత్తుల్లో జబ్బు ఉంది. అర్ధరాత్రి దాటగానే కోమాలోకి జారి, సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రిలో నవంబరు 9న చనిపోయాడు. పోస్ట్‌మార్టంలో తేలింది న్యుమోనియా, మెదడు వాపు, కొవ్వు పట్టిన కాలేయం. అంత తాగుబోతు అంటున్నారే, కాలేయం గట్టిపడిపోయే సిర్రోసిస్ జాడ లేదు.

నవ్వుతూ కన్నుమూశాడా? నాలుగు రోజులు స్పృహ లేకుండా పడి ఉన్నవాడు నవ్వాడా? 39 ఏళ్లకు పోయాడు. భార్య కైట్లిన్, ముగ్గురు పిల్లలు మిగిలారు. చిన్నవాడికి నాలుగేళ్లు. ఇందులో చేతులు జోడించవలసింది ఏముంది?

ఆయన విపరీతంగా తాగేవాడు. దాన్ని నేను కప్పిపుచ్చడం లేదు. నాకు మండేది "తాగితేనే కవిత్వం పొంగేది" అన్న మాటకు. పేరు తెచ్చిన తొలి కవితల్లో చాలా వాటికి మూలం పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య నోటుపుస్తకాల్లో రాసుకున్న చిత్తుప్రతులు. 1952 సంకలనానికి ముందుమాటగా రాసిన కవిత చూడండి: 102 పాదాలు, మొదటి పాదానికి చివరి పాదంతో ప్రాస, రెండోదానికి చివరి నుంచి రెండోదానితో, అలా 51, 52 పాదాలు నడిమధ్యలో కలుస్తాయి. ఆరు పెగ్గులు వేసుకుని ఈ పని చేసి చూపించండి, అప్పుడు మీ సందేశం నేనే పదిమందికి పంపుతాను. తాగుడే ఇంధనమైతే, అమెరికా యాత్రలతో అది ముదిరిన చివరి ఏళ్లలో కవితలు పొంగిపొర్లాలి కదా! 1946లో 'డెత్స్ అండ్ ఎంట్రన్సెస్' కవితా సంపుటి వచ్చాక పూర్తిచేసిన కవితలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ సందేశం చదివి సీసా పట్టుకునే కుర్రకవులు మన దగ్గరా ఉన్నారు. వాళ్లకు ఈ లెక్క ఎవరు చెబుతారు?

ఆ సందేశంలో ఒక్క మాట మాత్రం నిజం: "అమెరికాను గెలిచింది ఆయన పుస్తకాలు కాదు, గొంతు." ఒప్పుకోవడం కష్టంగానే ఉంది, ఎందుకంటే నాకు ఆ పుస్తకాలే ముఖ్యం. కానీ 1950 నుంచి ఆయన చదువుతుంటే వినడానికి హాళ్లు నిండాయి. 1952లో ఇద్దరు యువతులు కొత్తగా పెట్టిన కేడ్మన్ అనే గ్రామఫోన్ రికార్డుల సంస్థ మొదటి రికార్డు ఆయనదే. ఆ రికార్డింగులు ఇప్పటికీ దొరుకుతాయి. ఏదో ఒకటి పంపాలనిపిస్తే వాటిని పంపండి.