నాలుగు పేరాలు ఉప్పుకేనా?

గర్భిణులకు బీపీ పెరగడంపై రాసిన ఈ వ్యాసంలో నాలుగు పేరాలు ఉప్పు తగ్గించడం మీదే ఉన్నాయి. ప్రీఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ పెరిగి, తరచూ మూత్రంలో ప్రోటీను కూడా పోయే జబ్బు) రాకుండా ఉప్పు తగ్గించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేయడం లేదు.

మాది కావలి. ఏడో నెలలో మా చెల్లెలి కాళ్లు వాస్తే, నీరు పట్టడం మామూలేనని ఇంటిల్లిపాదీ తేలిగ్గా తీసుకున్నాం, నాతో సహా. తలనొప్పి వచ్చి, కళ్లు మసకబారాక గానీ ఆసుపత్రికి పరుగెత్తలేదు. అప్పటికే బీపీ 160/110, మూత్రంలో ప్రోటీను.

మాయకు (ప్లాసెంటాకు) రక్తం సరిగా అందకపోతే అది వదిలే పదార్థాలు తల్లి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయని, ఒళ్లంతా ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) రేగుతుందని డాక్టరమ్మ చెప్పారు. గర్భంలో ఇన్సులిన్ పని కొంత మందగించడం సహజమే, బిడ్డకు గ్లూకోజు అందాలి కదా. అధిక బరువో, పీసీఓఎస్సో (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ముందే ఉన్నవారిలో అది ఇంకా ముదురుతుంది, ఈ జబ్బు ముప్పూ పెరుగుతుంది. మా చెల్లెలికి పెళ్లికి ముందు నుంచే పీసీఓఎస్ ఉంది. ఆ పీసీఓఎస్‌నూ ఈ జబ్బు ముప్పునూ కలిపి చూసినవారే లేరు.

ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 12 వారాలు దాటాక, వీలైతే 16 వారాలలోపే, డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. సొంతంగా వేసుకునేది కాదనుకోండి. వ్యాసంలో దాని ఊసే లేదు.