మిగిలిన సెలవులు కార్మికుడి కూలి

2014 ఏప్రిల్‌లో మంగపేట మండలం కమలాపురంలోని రేయాన్స్ కర్మాగారం, అదే ఏడాది సెప్టెంబరులో కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు ఉత్పత్తి నిలిపివేసిన సంగతి ఉత్తర తెలంగాణ పాఠకులకు మళ్లీ చెప్పనక్కర లేదు. మూతపడిన ఆజంజాహి బట్టల మిల్లు కథ ఓరుగల్లులో ఇంటింటికీ తెలుసు. మిల్లు మూతపడిందనగానే మన నోట వచ్చేవి బకాయి జీతం, పీఎఫ్, గ్రాట్యుటీ. పండుగ నాడూ డ్యూటీకి వెళ్లి కూడబెట్టుకున్న ఈఎల్‌ల (పనిచేసి సంపాదించుకున్న జీతపు సెలవుల) సంగతి ఎవరికైనా గుర్తుకొస్తే అది ఆఖరునే.

ఆ డబ్బు యాజమాన్యం దయతలచి ఇచ్చేది కాదు, ఇదివరకే చేసిన పనికి రావలసిన కూలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వారికి ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ 240ని 180కి తగ్గించింది. మానేసినా, తొలగించినా, రెండో పనిదినం ముగిసేలోగా మిగిలిన సెలవులకు జీతం చెల్లించాలన్నది పాత చట్టంలో 79వ సెక్షన్ మాట. కొత్త కోడ్ కూడా అదే గడువు పెట్టింది.

ఈ హక్కు ఎంత గట్టిదో గ్రాట్యుటీ పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. గ్రాట్యుటీకి సాధారణంగా 5 ఏళ్ల సర్వీసు కావాలి. సెలవు జీతానికి, ఉద్యోగం మధ్యలో పోయినప్పుడు, ఆ 240 (ఇప్పుడు 180) రోజులు నిండాలన్న షరతు కూడా లేదు, పనిచేసినంత మేరకు లెక్కగట్టి ఇవ్వవలసిందే. దుష్ప్రవర్తన కింద డిస్మిస్ చేసిన సందర్భాల్లో గ్రాట్యుటీని జప్తు చేసుకునే అవకాశం 1972 నాటి గ్రాట్యుటీ చట్టంలో ఉండేది. సెలవు జీతం విషయంలో డిస్మిస్ అయిన కార్మికుడి పేరు కూడా చట్టమే ఎత్తి, అతనికీ ఇమ్మన్నది. పెన్షన్, గ్రాట్యుటీలతో పాటు సెలవు జీతాన్ని కూడా రాజ్యాంగం 300ఎ అధికరణం కింద ఉద్యోగి ఆస్తిగానే చూస్తూ సుప్రీంకోర్టు 2013లో జార్ఖండ్ ప్రభుత్వోద్యోగి కేసులో తీర్పునిచ్చింది.

ఇంత గట్టి హక్కు కంపెనీ దివాలా తీయగానే వెనకబడిపోతుంది. 2016 నాటి దివాలా కోడ్‌లోని 36వ సెక్షన్ పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధులను అప్పులవాళ్ల చేతికి చిక్కకుండా పక్కన పెట్టింది గాని, ఆ వరుసలో సెలవు జీతాన్ని చేర్చలేదు. అది కార్మికుల బకాయిల్లో కలిసి, బ్యాంకులతో పాటు తన వంతు కోసం ఎదురుచూడాలి. ఆ సెక్షన్‌లో నాలుగో మాటగా సెలవు జీతాన్ని చేర్చాలని నేను కోరుతున్నాను.

సెలవు విశ్రాంతి కోసమని, వాడుకోకుండా దాచుకుని చివర్లో డబ్బు అడగడం తగదని, చిన్న పరిశ్రమలు ఒక్కసారిగా ఆ భారం మోయలేవని యజమానులు వాదిస్తారు. అయితే సాధారణంగా 30 రోజులకు మించి మరుసటి ఏడాదికి దాచుకోనివ్వకుండా చట్టమే కట్టడి చేసింది. రోజుకు 700 రూపాయల కూలి అనుకుంటే 30 రోజులకు 21,000. ఏటేటా పుస్తకాల్లో రాసి పెట్టుకోవలసిన ఆ మొత్తం యజమానికి ఆకస్మిక భారం ఎట్లా అవుతుంది? పని పోయిన ఇంటికి మాత్రం అది రెండు నెలల బియ్యం, కిరాయి, పిల్లల ఫీజు.

అసలు చిక్కు లెక్క ఎవరి చేతిలో ఉందన్నది. పీఎఫ్‌కు పాస్‌బుక్ ఉంది, ఫోనులో చూసుకోవచ్చు. సెలవుల లెక్క ఆఫీసు రిజిస్టరులోనో, వాళ్ల కంప్యూటరులోనో ఉంటుంది. గేటుకు తాళం పడ్డ నాడు కార్మికుడు బయట పడతాడు, ఆ లెక్క లోపలే ఉండిపోతుంది. తర్వాత కార్మిక శాఖ కార్యాలయంలో ఎన్ని రోజులు మిగిలాయని అడిగితే చూపడానికి అతని దగ్గర కాగితం ముక్క ఉండదు. నేలకు పాస్‌బుక్ కోసం, పనికి జాబ్‌కార్డు కోసం, తూకంలో చీటీ కోసం ఈ ప్రాంతం ఎన్నిసార్లు కొట్లాడిందో తెలిసినవాళ్లకు, మన పేదరికంలో సగం మన లెక్క మన చేతిలో లేకపోవడమేనని వేరే చెప్పనక్కర లేదు. గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా జౌళి పార్కులో కొత్తగా చేరి మొదటి జీతం అందుకునే ఆడపిల్ల చీటీలో, పీఎఫ్ కోత పక్కనే, తన పేర మిగిలిన ఈఎల్ ఎన్ని రోజులో ప్రతి నెలా అచ్చయి ఉండేట్లు రాష్ట్ర కార్మిక శాఖ ఉత్తర్వు ఇవ్వాలి.