524001 గారికి బహిరంగ లేఖ

నెల్లూరు హెడ్ పోస్టాఫీసు పిన్‌కోడు, మహారాజశ్రీ 524001 గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు పద్ధతి మొదలైన దగ్గర్నుంచీ మీరు మా కవర్ల మీద చిట్టచివర నిలబడి ఉత్తరాలు చేరవేయిస్తున్నారు. మొదటి 5 చూసి మన వైపుకి, 524 చూసి నెల్లూరు జిల్లాకి సంచీ కడతారు. ఈ పద్ధతిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ గారు అప్పజెప్పిన పని అంతే. కానీ మా ఊళ్లో అంకె కనబడితే జాతకం చూడకుండా వదలరు కదా.

సంఖ్యాశాస్త్రం చెప్పే ఒకాయన మీ అంకెలన్నీ కూడాడు. 12 వచ్చింది. మళ్లీ కూడితే 3. "గురుడండీ, దివ్యం" అని దక్షిణ పుచ్చుకున్నాడు. అది మిమ్మల్ని 9తో భాగిస్తే మిగిలే శేషమని బడిపిల్లాడైతే ఊరికే చెప్పేవాడు. రవాణా శాఖ వేలంలో 9999 కోసం లక్షలు కుమ్మరించేవాళ్లు కొనుక్కునేదీ ఆ శేషమే. అక్కడైతే సున్నా.

లెక్కల మాస్టార్లు మాత్రం తక్కువ తిన్నారా? ప్రతి అంకెనీ వర్గం చేసి కూడాలట, వచ్చినదాన్నీ మళ్లీ అలాగే చేయాలట. చివరికి 1 దగ్గర ఆగితే 'సంతోష సంఖ్య'. మీరు 46, 52, 29, 85 మీదుగా 89కి చేరారు. అక్కణ్ణుంచి 145, 42, 20, 4, 16, 37, 58, మళ్లీ 89. ఇక జన్మలో బయటపడరు. ఒంగోలు వారి 523001 గారూ ఈ చక్రంలోనే తిరుగుతున్నారు కాబట్టి పక్క జిల్లా ముందు తలవంపులేం లేవు. అంత ఖరీదైన 9999కీ ఇదే గతి! అసలు ఇదంతా పది అంకెలతో రాయడం వల్ల వచ్చిన తంటా. సున్నా, ఒకటి మాత్రమే వాడి రాస్తే మీతో సహా ప్రతి సంఖ్యా సంతోష సంఖ్యే. రాత మారితే మారిపోయే గుణానికి టెన్షన్ దేనికండీ? లేకపోతే రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో మీ పేరున ఒక రొట్టె పట్టాల్సి వచ్చేది.

మీ అసలు సరుకు 3 × 19 × 29 × 317. నాలుగూ ప్రధాన సంఖ్యలే, ఏదీ రెండోసారి రాదు. ఎలా రాసినా ఈ నలుగురే. మిమ్మల్ని మినహాయించి మిగతా కారణాంకాలన్నీ కూడితే 2,39,199. మీలో సగం కూడా లేదు. ఆ మొత్తం అసలు సంఖ్య కంటే తక్కువైతే చాలు, 'లోప సంఖ్య' అని ముద్ర వేస్తారు. మొలగొలుకులు పండే ఊరికి లోపమా అని నాకు పౌరుషం వచ్చిన మాట నిజం. ప్రధాన సంఖ్యలన్నీ ఆ జాబితాలోనే ఉన్నాయని చూశాక చల్లబడ్డాను.

మా బావ కొత్త కారుకి నంబరు వెతుకుతుంటే, మీ ఇంట్లోంచే 0317 తీసుకోమన్నాను. ప్రధాన సంఖ్య, పోటీకి ఎవరూ రారు అని కూడా చెప్పాను.

"వద్దబ్బయా. కూడితే 11, మళ్లీ కూడితే 2. చంద్రుడు. మనకి పడడు" అన్నాడు.

ఇట్లు,
మీ అంకెల కింద బతికే ఒక చిరునామాదారుడు