వియ్యపురాళ్ళ బడి

(రంగం: బెంగుళూరు మారతహళ్ళిలో ఒక అపార్టుమెంటు, నాలుగవ అంతస్తు. దసరా సెలవులు. కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్ళిపోయారు. సాయంత్రం వరకు నాలుగేళ్ళ చిట్టికి టీవీ గాని, ఫోను గాని చూపించకుండా కాలక్షేపం చేయించవలసిన భారం ఇద్దరు పెద్దవారి మీద పడింది. నాయనమ్మ నెల్లూరు నుండి వచ్చారు. ఈ ఇంట్లో వంటగది ఆమె అధీనంలో ఉన్నది. అమ్మమ్మ నర్సీపట్నం నుండి వచ్చారు. ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మగా చేసి రిటైరయ్యారు, ఆ సంగతిని ఎవరినీ మరచిపోనివ్వరు. వియ్యపురాళ్ళు పోట్లాడుకోరు, మర్యాదగా మాట్లాడుకుంటారు. పోట్లాటే నయమని ఇరుగుపొరుగు అభిప్రాయం.)

నాయనమ్మ: వదినగారూ, తప్పుగా అనుకోకండి. పొద్దుటి నుండి ఇడ్లీ రేకులు కనిపించడం లేదు. అవతల పిండి పొంగి గిన్నె దాటడానికి సిద్ధంగా ఉన్నది.

అమ్మమ్మ: తప్పుగా ఎందుకు అనుకుంటాను వదినగారూ? రేకులు హాలులో చాప మీదనే ఉన్నాయి. బొబ్బర్లు, రాజ్మా, కాబూలీ శనగలు కలగలిపి ఒక పళ్ళెంలో పోసి ఇచ్చాను. చిట్టి వాటిని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింటితోనే తీసి ఒక్కొక్క జాతిని ఒక్కొక్క గుంటలో వేస్తున్నది. రేపు పెన్సిలు పట్టుకోవలసినవి కూడా ఆ మూడు వేళ్ళే గనుక, అక్షరాలకంటే ముందు వేళ్ళకు చదువు చెప్పాలని మేము బడిలో అనుకునేవాళ్ళం.

నాయనమ్మ: మా ఇంట్లో పిల్లలందరి చేతా బియ్యంలో రాళ్ళు ఏరించేవాళ్ళమండీ. కాకపోతే మాకు బడి లేదు గనుక, దానిని పని అనేవాళ్ళం. అది సరే గాని, మా మరిదిగారి పిల్లవాడు ఒకసారి బఠాణీ గింజను ముక్కులోకి తోసుకుంటే, దానిని తీయించడానికి డాక్టరు దగ్గరకు పరుగెత్తవలసి వచ్చింది.

అమ్మమ్మ: అందుకే మూడేళ్ళలోపు పిల్లలకు గింజలు, పూసలు, గుండీలు ఇవ్వనే కూడదు. నాలుగేళ్ళ పిల్లకైనా పెద్దవారు పక్కన కూర్చుని ఉంటేనే ఇవ్వాలి.

నాయనమ్మ: తప్పకుండానండీ. మరి ఇప్పుడు మీరు నా పక్కన ఉన్నారు, నేను మీ పక్కన ఉన్నాను. చిట్టి పక్కన ఎవరున్నారు?

(ఇద్దరూ ఒకేసారి గుమ్మంలో ఇరుక్కుని, అక్కడ కూడా "మీరు ముందు నడవండి" అని ఒకరినొకరు బతిమాలుకుని, హాలులోకి వచ్చారు. చిట్టి రాజ్మా గింజలన్నీ ఏరడం ముగించి, చెయ్యి చాచి చూపించింది. ముక్కు ఖాళీగానే ఉన్నది. నాయనమ్మ వంగి మరీ చూశారు.)

అమ్మమ్మ: చూశారా, పది నిమిషాలు కదలకుండా కూర్చున్నది. ఇప్పుడు పళ్ళెంలో బొంబాయి రవ్వ పలచగా పరచి ఇస్తే, వేలితో అక్షరాలు దిద్దుతుంది. తప్పు పోతే పళ్ళెం ఒకసారి కదిపితే చాలు, చెరిపివేతల బాధ లేదు.

నాయనమ్మ: నిన్న తమరు కదిపిన రవ్వను సోఫా కిందనుండి నేనే ఊడ్చాను. పోనీ, దిద్దించేదైనా 'అ' నుండి దిద్దించవచ్చు కదా? అక్షరాభ్యాసం నాడు పంతులుగారు బియ్యంలో 'ఓం నమః' రాయించిన పిల్లచేత మీరు నిన్నటినుండి 'ర' రాయించి, మధ్యలో చుక్క పెట్టించి 'ఠ' అనిపిస్తున్నారు. మా వంశంలో 'ఠ' తో చదువు మొదలుపెట్టిన వారు ఇంతవరకు లేరు.

అమ్మమ్మ: 'అ' లో ఎన్ని వంపులున్నాయో ఒకసారి రాసి చూడండి వదినగారూ. చేతికి మొదట గుండ్రం తిరగడం రావాలి. 'ర' వస్తే 'ఠ' చుక్కంత దూరమే. ఈ లోపల నేను ఉప్పుకాగితంతో 'అ' కత్తిరించి అట్ట మీద అంటించాను. రెండు వేళ్ళతో ఆ గరుకును తడుముతూ పలికితే అక్షరం చేతికే గుర్తుంటుంది. ఇది నా సొంత తెలివి కాదు, మరియా మాంటిస్సోరి గారి పద్ధతి. ఆవిడ 1939లో మద్రాసుకు వచ్చి అడయారులో మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఇంతలో యుద్ధం పెద్దదై, శత్రుపక్షమైన ఇటలీ దేశస్థురాలు గనుక బ్రిటిషు ప్రభుత్వంవారు కదలనివ్వలేదు. ఆ తరువాత కొంతకాలం కొడైకెనాల్‌లో కూడా ఉండి పిల్లలతో పని చేశారు.

నాయనమ్మ: ఆవిడకేమండీ, ప్రభుత్వంవారు మాత్రమే అడ్డు చెప్పారు, పక్కన వియ్యపురాలు లేదు. మీ ఉప్పుకాగితం 'అ' సంగతి నాకు తెలుసు. నిన్న చిట్టి దానిని నా ఇత్తడి చెంబు మీద తడిమింది. అక్షరం దాని చేతికి గుర్తుందో లేదో గాని, చెంబు మాత్రం జన్మలో మరువదు.

అమ్మమ్మ: చెంబుకు నేను చింతపండు పెట్టి తోమి ఇస్తాను లెండి. మీరు రాత్రి చెప్పిన కథకు నేనేమి పెట్టి తోమాలో మీరే చెప్పండి.

నాయనమ్మ: నా కథలకేమి వచ్చింది? 1947లో మద్రాసులో మొదలైన 'చందమామ' చదివి పెరిగిన దానిని. మా నాన్నగారు బైండు చేయించిన సంచికలు ఈ వయసులో సూట్‌కేసులో పెట్టుకుని మోసుకొచ్చాను.

అమ్మమ్మ: 'చందమామ'కు నేనూ దండం పెడతాను. కాని బేతాళ కథ నాలుగేళ్ళ పిల్లకు చెప్పవలసినదా? పొద్దున్న లేచి, "అమ్మమ్మా, శవం అంటే ఏమిటి?" అని నన్ను అడిగింది. ఏదో చెప్పి తప్పించుకునేలోపల మంచం అంచున తలకిందులుగా వేలాడి, "నేను జవాబు చెప్పను" అన్నది.

నాయనమ్మ: పాలు తాగనని చెప్పడానికి అది ఎన్నుకున్న మార్గం అది. కథలోని సారం ఎంత చక్కగా గ్రహించిందో చూశారా?

అమ్మమ్మ: ఆ పుస్తకాలు చదవడానికి పిల్లకు ఎనిమిదేళ్ళు రానివ్వండి. ఇప్పుడు దానికి పేజీకి ఒక బొమ్మ, బొమ్మ కింద ఒకటి రెండు వాక్యాలు, అదే మాట మళ్ళీ మళ్ళీ వచ్చే కథ కావాలి. ఈ బెంగుళూరులోనే 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ వారు ఇంటర్నెట్టులో స్టోరీవీవర్ అని ఒక వేదిక పెట్టి, తెలుగులో కూడా అటువంటి కథలను మెట్లు మెట్లుగా ఉచితంగా ఇస్తున్నారు. మొదటి మెట్టువి రెండు అల్లుడుగారు ఆఫీసులో ప్రింటు తీసి తెచ్చారు.

నాయనమ్మ: మా వాడు చిన్నప్పటి నుండి అంతే, చెప్పిన పని చెప్పినట్లు చేస్తాడు. మీ అల్లుడు కాకముందు నుండే ఆ గుణం ఉన్నది. కాని ఆ రెండు కథలను మీరు పదిసార్లు చదివారు వదినగారూ. ఏనుగుకు తుమ్ము వచ్చిన సంగతి వంటగదిలో నాకే కంఠస్థం అయిపోయింది. కొత్తది చదవకూడదా?

అమ్మమ్మ: అదే చదవమని అది అడుగుతున్నది. నిన్న నేను విసుగు పుట్టి ఒక మాట మార్చి చదివితే, పేజీ మీద వేలు పెట్టి "అలా లేదు" అని సరిదిద్దింది. చదవడం రాని పిల్ల చదివే పిల్లగా మారేది అక్కడేనండీ. మీరు కూడా చదివేటప్పుడు అక్షరాల కింద వేలు నడిపించి, పేజీ తిప్పబోయే ముందు "తరువాత ఏమవుతుంది?" అని ఒక్క ప్రశ్న వేసి ఆగి చూడండి.

నాయనమ్మ: బేతాళుడు చేసేది అదే కదండీ! కథ చెప్పి ప్రశ్న అడుగుతాడు.

(అమ్మమ్మ దీనికి జవాబు వెతుక్కోవలసి వచ్చింది. న్యాయంగా చూస్తే ఈ పాయింటు నెల్లూరుదే.)

అమ్మమ్మ: సరే, బొమ్మల దగ్గరకు వద్దాం. మా ఊరికి దగ్గరి ఏటికొప్పాక నుండి లక్కపిడతలూ బొంగరమూ తెచ్చాను. ఆ ఊరి సొత్తని 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలు. మీరు వాటిని అద్దాల అలమరలో పెట్టి తాళం వేశారు.

నాయనమ్మ: పగులుతాయని భయపడ్డానండీ. అయినా మైసూరు రోడ్డులో అరవై కిలోమీటర్లు వెళితే చెక్కబొమ్మలు చేసే చన్నపట్న ఉన్నది, మా అబ్బాయి అక్కడినుండి రంగుల వలయాలు తేనే తెచ్చాడు. అంత దూరం నుండి మీరు మోసుకురావడం ఎందుకు?

అమ్మమ్మ: వీళ్ళు వాడేదీ వాళ్ళు వాడేదీ ఒకే చెట్టు కర్ర వదినగారూ, మన అంకుడు. తరిమెన మీద గిర్రున తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది, పైన మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. అది కింద పడినా పగలదు, పిల్ల ఆడుకోకపోతేనే దండగ. తాళం తీయండి.

నాయనమ్మ: తీస్తాను. అయితే మీరు నా మైదా డబ్బాకు తాళం వేయనివ్వండి. ఒక కప్పు మైదాకు అరకప్పు ఉప్పు కలిపి, నూనె చుక్క వేసి పిసికి, దానిని బొమ్మల పిండి అన్నారు. మిగిలిన మైదాను ఉడికించి జిగురు చేశారు. ఇంట్లోకి సామాను తెచ్చిన అట్టపెట్టెలన్నీ ఇల్లుగా మారాయి. పొడిచెత్త అతను వస్తే ఏది చెత్తో, ఏది చిట్టి కట్టిన గోపురమో తెలియక నేను తలుపు మూసేశాను.

అమ్మమ్మ: ఉప్పు అంత వేసింది ఊరికే కాదు. పిండి పాడు కాదు, పిల్ల ఒకసారి నాలుకకు రాసుకుంటే రెండవసారి నోట పెట్టదు. జిగురులో మాత్రం, బైండింగువాళ్ళు పురుగు పట్టకుండా వేసే మైలుతుత్తం నేను వేయలేదు. అది విషం గనుక, రోజుకు సరిపడా చేసుకుని మిగిలితే పారబోయడమే మంచిది.

నాయనమ్మ: మీ శాస్త్రం అయిపోతే నా శాస్త్రం ఒకటి చూపిస్తాను. పెళ్ళిలో పారాణి ఎలా కలుపుతాం? పసుపులో సున్నం వేస్తే ఎర్రబడుతుంది. చిట్టీ, నా తాంబూలం డబ్బాలోని సున్నం తీసుకురా అమ్మా!

అమ్మమ్మ: వద్దు వదినగారూ, సున్నం కంట్లో పడితే చూపుకే మోసం. దానికి బదులు సబ్బు నీళ్ళు చాలు. తెల్ల కాగితానికి పసుపు నీళ్ళు పూసి ఆరబెడదాం. చెవిలో పెట్టుకునే దూది పుల్లను సబ్బు నీటిలో ముంచి రాయమందాం.

(కాగితం ఫ్యాను కింద ఆరింది. చిట్టి నాలుక బయటపెట్టి, పుల్లను మూడు వేళ్ళతో పట్టుకుని, ఒక సున్న చుట్టి, పైన తలకట్టు పెట్టింది. పసుపు మీద తడి గీత మొదట ఏమీ కాలేదు. తరువాత ఇటుక రంగుకు తిరిగి, 'ర' బయటపడింది. నాయనమ్మ నిమ్మచెక్క పిండగానే మళ్ళీ పసుపులో కలిసిపోయింది. పెద్దలిద్దరూ చిట్టికంటే ముందు చప్పట్లు కొట్టారు. ఆ సందడిలో చిట్టి రెండు చేతుల పసుపునూ, కుర్చీకి తగిలించి ఉన్న ఇస్త్రీ చొక్కాకు తుడుచుకున్నది.)

నాయనమ్మ: అయ్యో, రేపటి మీటింగు కోసం మా అబ్బాయి పెట్టుకున్న తెల్ల చొక్కా! ఉండండి, ఇప్పుడే సబ్బు పెట్టి...

అమ్మమ్మ: సబ్బు వద్దు వదినగారూ, సబ్బు...

(సబ్బు తగిలింది. చొక్కా రొమ్ము మీద రెండు బుల్లి చేతులు ఎర్రగా తేలాయి. "ఇంకోసారి!" అన్నది చిట్టి.)

అమ్మమ్మ: నిమ్మకాయ రాస్తే ఎరుపు పోతుంది, పసుపు మిగులుతుంది. పసుపు మచ్చకు ఎండే మందు. రెండు పూటలు ఎండలో వేస్తే తెల్లబడుతుంది.

నాయనమ్మ: మబ్బు పట్టిన ఈ బెంగుళూరులో ఎండను ఏ దుకాణంలో కొనుక్కురమ్మంటారు? మీ అల్లుడు ఏడు గంటలకు వస్తాడు.

అమ్మమ్మ: మీ అబ్బాయి కోపిష్టి కాడని మీరే చెప్పారు కదా?

నాయనమ్మ: అత్తగారి ముందు కోపం చూపించడని చెప్పాను. అందుకని ఈ మాట మీరు చెబితేనే బాగుంటుంది.

అమ్మమ్మ: తల్లి చెబితే ఇంకా బాగుంటుంది. అయినా ఒక ఉపాయం ఉన్నది. బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్దితే ఐదు రేకుల పువ్వు పడుతుంది. ఆ చేతుల చుట్టూ చిట్టి చేత నాలుగు పువ్వులు అద్దిస్తే, అది మచ్చ అనరు, కూతురు నాన్నకు చేసిన బహుమతి అంటారు.

నాయనమ్మ: బీట్‌రూట్ రంగు అద్దిద్దామా?

అమ్మమ్మ: అది ఒక్క ఉతుకుకే పోతుంది. పువ్వులు పోయి చేతులు మిగిలితే మళ్ళీ మొదటికి వస్తాం. పసుపులోనే అద్దుదాం.

నాయనమ్మ: అయితే బెండకాయలు నేను కోస్తాను, చొక్కా మీరు పట్టుకోండి. కాని నాలుగు పువ్వులు చాలవు వదినగారూ, వీపు మీద కూడా వేయించండి. రాత్రి కూరకు ఎలాగూ తొడిమలు తీయవలసినవే.