కవర్ సాంగ్‌తో పేరొస్తే చిన్నతనమా?

తిరుపతిలో గంగమ్మ జాతరప్పుడు ఆర్కెస్ట్రా స్టేజీ పక్కన కాసేపు నిలబడండి. "అచ్చం బాలు మాదిరే పాడినాడబ్బా!" అనే మాట వినిపించి తీరుతుంది. అది మెచ్చుకోలే, కానీ పాడినవాడి గొంతు ఆ మెచ్చుకోలులోనే మాయమైపోతుంది. అదే కుర్రాడు ఒక కవర్ సాంగ్, అంటే ఇంకొకరు పాడిన పాటనే మళ్లీ తన గొంతుతో, రికార్డు చేసి లక్షల వ్యూస్ తెచ్చుకుంటే మాత్రం "వాడి సొంత పాట ఏముంది?" అంటారు. పాట మొదట పాడినవాళ్లదేనన్న భ్రమే ఈ రెండు మాటలకూ మూలం.

'రెస్పెక్ట్' పాటనే తీసుకోండి. 1965లో అమెరికా గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ రాసి, పాడాడు. అందులో ఒక మగవాడు ఇంటికొచ్చినప్పుడు తనకు మర్యాద కావాలంటాడు. 1967లో అదే పాటను గాయని అరీతా ఫ్రాంక్లిన్ అందుకుంది. అంతకుముందు వేరే కంపెనీలో ఏళ్ల తరబడి పాడినా ఆమెకు రావాల్సినంత పేరు రాలేదు. అమెరికా పాప్ చార్టులో ఆమెను మొదటిసారి ఒకటో స్థానంలో కూర్చోబెట్టింది ఈ కవర్ సాంగే. ఎందుకంటే ఆమె దాన్ని ఉన్నదున్నట్టు పాడలేదు. మర్యాద అడిగేది ఆడమనిషి అయ్యేసరికి పాట అర్థమే తిరగబడింది. ఆ పదాన్ని అక్షరం అక్షరంగా విడదీసి పలికే చోటు ఇవాళ లోకమంతటికీ గుర్తు. అది ఓటిస్ పాటలో లేనే లేదు!

ఇదే పని మన దేశంలో చేస్తే? 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోకి వచ్చిన, కవర్ రికార్డుల సంగతి చెప్పే 31సి సెక్షన్ చూడండి. మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి, ముందే నోటీసు ఇవ్వాలి, మామూలుగా కనీసం 50 వేల కాపీలకు రాయల్టీ కట్టాలి. సరే, కడదాం. కానీ హక్కుదారు ఒప్పుకోకుండా, సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప, సాహిత్యంలోగానీ సంగీతంలోగానీ మార్పు చేయకూడదట. అంటే అచ్చం బాలు మాదిరి పాడేవాడికి దారి ఉంది, అరీతా మాదిరి పాడేవాడికి లేదు. తిరుపతి కుర్రాడు పాట హక్కులున్న ఏ ముంబై కంపెనీకో మెయిల్ పెట్టి జవాబు కోసం కూర్చుంటే వాడి గొంతులో లేతదనం పోతుంది.

ఎవరు పడితే వాళ్లు మారిస్తే పాట పాడైపోదా అని అడిగేవాళ్లున్నారు. కొన్ని రీమిక్స్‌లు విన్నాక ఆ భయం నాకూ కలిగింది. రాసినవాళ్లకు డబ్బు అందాల్సిందే, కాదనను. కానీ చెడ్డ కవర్‌ను జనం పది రోజుల్లో మరిచిపోతారు. దానికి చట్టం కాపలా ఎందుకు?

అసలు ఈ సంగతి తిరుపతికి ఒకరు చెప్పాలా? అన్నమయ్య 1503లో కన్నుమూశాడు. 32 వేల సంకీర్తనలు రాశాడంటారు, దొరికినవి 12 వేలకు పైనే. వాటిని చెక్కించిన రాగిరేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. ఆయన ఎలా పాడాడో మనకు తెలియదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కొత్తగా బాణీలు కట్టబట్టే అవి మళ్లీ నోళ్లకెక్కాయి. వాళ్లు 31సి కింద అనుమతి కోసం ఆగాల్సిన పని లేకపోవడం మన అదృష్టం.

అయితే రీల్స్ చేసే పిల్లల మీద నాకో కోపముంది. రేవతి రాగంలో 'నానాటి బతుకు' ఎత్తుకుంటే మీరు పాడుతున్నది అన్నమయ్యను మాత్రమే కాదు, నేదునూరిని కూడా. వందల కొద్దీ బాణీలు కట్టిన బాలకృష్ణప్రసాద్ 2025 మార్చిలో ఈ ఊళ్లోనే పోయారు. ఆయన వరసలు రోజూ ఏదో ఒక ఫోన్లో మోగుతూనే ఉన్నాయి. వీడియో కింద చూస్తే కీబోర్డు ఎవరు, కెమెరా ఎవరు, పట్టుచీర ఏ షాపుదన్నది కూడా రాసి ఉంటుంది. బాణీ ఎవరిదన్న చోట మాత్రం 'అన్నమయ్య కీర్తన' అని రాసి ఊరుకుంటారు.